నలుపు తెలుపు ఫొటోల మీద అభిప్రాయం చెప్పడం గురించి

ఒంగోలు

చిరంజీవి సుజాతకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నెల్లూరులో మీ మిత్రులు తమ నలుపు తెలుపు ప్రింట్లు తెచ్చి ఒకరివి ఒకరు చూసుకుంటున్నారనీ, నీ వంతు వచ్చినప్పుడు బాగుంది అనడం తప్ప ఏమీ తోచడం లేదనీ, ఒకసారి ధైర్యం చేసి ఒక అబ్బాయి ఫొటోలో కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, చాలలేదంటే అతను చిన్నబుచ్చుకున్నాడనీ రాశావు. ఆ రెండు మాటలకూ ఉన్న లోపం ఒకటే. అవి ఫొటోలో ఫలానా చోటును చూపించవు కాబట్టి, తీసినవాడు ఇంటికి వెళ్లి సరిదిద్దుకోవడానికి ఏమీ దొరకదు.

తీర్పు చెప్పే ముందు నీ చూపు ఎటు నడిచిందో చెప్పు. రంగులు లేనప్పుడు కన్ను సాధారణంగా బాగా వెలుగున్న చోటికో, నలుపూ తెలుపూ ఒరుసుకునే అంచుకో ముందుగా పోతుంది. "నాకు మొదట ఎడమ మూలనున్న తెల్లని ఆకాశం కనబడింది, ఆ తరువాతే వల సర్దుతున్న మనిషి ముఖం చూశాను" అంటే అందులో నింద లేదు. ఆ మూలను కొంచెం బర్న్ చేయాలని, అంటే ఆ చోటు వరకే నలుపెక్కించాలని, తీసినవాడికే తడుతుంది.

అసలు విషయమంతా మధ్యనున్న బూడిద ఛాయల్లో ఉంటుంది. మన ఒంగోలు గిత్తను ఫ్రేము నిండా తీస్తే కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఆ తెలుపును నడిమి బూడిదగా లెక్కగట్టి మసకబారుస్తుంది. అలాగని వెలుగు మరీ పెంచితే మెడ మీది ముడతలూ మూపురం మీది నల్లని చాయా తెల్లగా కరిగిపోతాయి. ఎండబెట్టిన ఎర్ర మిరపకాయలూ వాటి వెనుక పచ్చని చేనూ కంటికి ఎంత వేరుగా ఉన్నా, నలుపు తెలుపులోకి మార్చినప్పుడు దాదాపు ఒకే బూడిదగా కలిసిపోవచ్చు. అటువంటి ఫొటోకు కాంట్రాస్ట్ పెంచమనడం తప్పుడు వైద్యం. మార్చే దశలోనే ఎరుపును పైకి, పచ్చను కిందికి జరపమని చెప్పాలి. ఫిల్ము రోజుల్లో ఈ పనికే లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెట్టేవారు.

ఛాయల గురించి మాట్లాడుకోవడానికి 1940 ప్రాంతంలో అమెరికా ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ పద్ధతి పనికొస్తుంది. అందులో పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 10, నడిమి బూడిద 5. నీడలోని చీర 2లో ఉంది, 3కు తెస్తే మడతలు కనబడతాయి అన్నావంటే ఇద్దరూ ఒకే ఛాయ గురించి మాట్లాడుతున్నట్టు. అయితే ప్రతి ఫొటోలో 0 నుంచి 10 దాకా ఉండి తీరాలని వాదించేవాళ్ల మాట నేను ఒప్పుకోను. మైపాడు తీరంలో మంచు పట్టిన ఉదయానికి నలుపు అక్కర్లేదు. చీమకుర్తి గ్రానైటు క్వారీకి తెలుపు రవ్వంత చాలు. అందుకే నలుపు తెలుపు ఎందుకు ఎంచుకున్నావని ముందు అడగాలి. ఉదయగిరి కోటను నల్లని ఆకారంగా చూపాలనే ఉద్దేశంతో తీసినవాడికి నీడల్లో వివరం లేదని చెప్పడం వృథా.

దుమ్ము మచ్చలు, ఒరిగిన దిగంతం వంటివి పక్కకు పిలిచి ఒక్క మాటలో చెప్పేయి. ప్రింటు చీకటిగా ఉందనబోయే ముందు దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూడు.

ఇక ఆ అబ్బాయి పులికాట్ రాజహంసల ఫొటో సంగతి. నువ్వు రాసినదాన్ని బట్టి లేత గులాబీ రెక్కలూ నీళ్లూ ఒకే ఛాయలో పడి పక్షులు విడివడలేదు. ఆ రోజు నీళ్లలో ఆకాశపు నీలం ఉండి ఉంటే, రంగుల మూలప్రతిని తెరిచి నీలాన్ని తగ్గించి చూడమను, నీళ్లు నల్లబడి రెక్కలు పైకి తేలుతాయి. మబ్బు పట్టి ఉంటే ఆ ఉపాయం పనిచేయదు కనుక, పక్షుల వెనుక నీటిని మాత్రం చేత్తో బర్న్ చేయమను. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూసి, ఏది నచ్చిందో అతన్నే ముందు చెప్పనీ.

అమ్మ ఆశీస్సులు చెప్పమంది.

ఇట్లు,
మీ నాన్న