యార్క్‌లో దారి చూపిన పెద్దావిడకు

ఇంగ్లండ్‌లోని యార్క్ మ్యూజియం గార్డెన్స్‌లో మల్టాంగ్యులర్ టవర్ అనే పాత రోమన్ కోట బురుజును ఫొటో తీసుకుని కదలబోతున్న మమ్మల్ని ఆపి, గోడ దగ్గరికి తీసుకెళ్లిన పెద్దావిడకు కృతజ్ఞతలు. కిందున్న చిన్న రాళ్లు, మధ్యలోని ఎర్ర ఇటుకల పట్టీ రోమన్లవనీ, పైనున్న పెద్ద రాళ్లు మధ్యయుగంలో పేర్చినవనీ వేలు పెట్టి మరీ చూపించారు. డబ్బిచ్చి గైడును పెట్టుకున్నా అంత ఓపికగా చెప్పేవారు కాదేమో! అంతటితో ఆగక, ఊజ్ నది వెంబడి న్యూ వాక్ అనే చెట్ల బాట మీదుగా బ్లూ బ్రిడ్జ్ దాకా వెళ్లమన్నారు. నది పొంగితే ఒడ్డు బాటలు మునుగుతాయనీ హెచ్చరించారు. 1730లలో వేసిన ఆ చెట్ల బాటలో అమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి నడిచింది. ఫాస్ నది ఊజ్‌లో కలిసేచోట చాలాసేపు కూర్చున్నాం. మీ పేరు తెలియకపోయినా, ఇంటికొచ్చినవాళ్లందరికీ అమ్మ మీ గురించే చెబుతోంది.