గుట్టు ముందు, సాయం తర్వాత

ఎడిసన్, న్యూజెర్సీ

చిన్నీ,

బ్రూక్లిన్‌లో బోరో పార్క్ దగ్గర ఫెర్టిలిటీ క్లినిక్‌లో కౌన్సెలర్‌గా వచ్చే నెలలో చేరుతున్నావు కదా. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు, మనసు సంగతి నీ చదువులో నేర్పారు. కానీ అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఆర్థడాక్స్, అంటే ఆచారం గట్టిగా పాటించే యూదులు. మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) కట్టుకున్న తెలుగు యూదులు, బెనె ఎఫ్రాయిమ్ వాళ్ల గురించి విన్నావు గానీ, బ్రూక్లిన్‌లో ఇల్లెలా నడుస్తుందో నీకు తెలీదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నా.

ముందు హన్నా కథ చదువు, సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం. పిల్లల్లేని హన్నాని సవతి పెనిన్నా దెప్పుతుంది. మొగుడు ఎల్కానా మంచివాడే. "పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కానా?" అని ఓదారుస్తాడు. ఆ మాటతో ఆమె ఏడుపు ఆగదు. షిలోహులో పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకుని కసురుతాడు. ఒకరు దెప్పారు, ఒకరు తేలిక చేశారు, ఒకరు చూసింది చూసినట్టు అర్థం చేసుకోలేదు. సంతానం లేనివాళ్లకి చుట్టూ ఉన్నవాళ్లు ఈ రోజుకీ చేస్తున్నవి ఈ మూడే. విచిత్రమేమిటంటే, మౌనంగా పెదవులతో ప్రార్థించడమెలాగో యూదుల ధర్మశాస్త్రం తల్ముద్ పండితులు నేర్చుకున్నది కూడా ఈ హన్నా దగ్గరే.

ఇప్పుడు అసలు సంగతి. యూదుల ఇంట్లో నెలసరి మొదలైతే భార్యాభర్తలు ఒకరినొకరు ముట్టుకోరు. దీన్ని నిద్దా అంటారు. ఆచారం గట్టిగా పాటించే ఇళ్లలో గ్లాసు కూడా చేతికి చెయ్యి తగలకుండా బల్ల మీద పెడతారు, అవతలివాళ్లు తీసుకుంటారు. అష్కెనాజీ (యూరప్ మూలాలున్న యూదుల) కుటుంబాల్లో రక్తస్రావానికి కనీసం 5 రోజులు లెక్క వేసి, తర్వాత 7 శుభ్రమైన రోజులు లెక్కపెట్టి, ఆ రాత్రి మిక్వాలో, అంటే శుద్ధి స్నానాల కొలనులో మునిగాకే మళ్లీ కలుస్తారు. ఇక ఆలోచించు. ట్రీట్‌మెంట్ పోయిందని ఆమెకు తెలిసేది ఎలా? చాలాసార్లు రక్తం కనపడటం వల్లే. అంటే గుండె పగిలిన ఆ గంటలోనే మొగుడు ఆమె భుజం మీద చెయ్యి వేయడానికి లేదు. ఇద్దరూ ఒకే గదిలో చెరో వైపు కూర్చుని ఏడుస్తారు. మామూలు కౌన్సెలింగ్ పుస్తకంలో "ఒకరినొకరు దగ్గరకు తీసుకోండి" అని ఉంటుంది. నువ్వు ఆ మాట అన్నావంటే నీకేమీ తెలీదని వాళ్లకి అర్థమైపోతుంది, రెండోసారి రారు.

అందుకే ట్రీట్‌మెంట్ సైకిల్ మొదలవకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "రిజల్ట్ బాగా రాకపోతే ఆ రోజు నిన్ను పట్టుకుని కూర్చునేది ఎవరు?" అక్కో, అమ్మో, స్నేహితురాలో, ఒక్క మనిషి చాలు. ఆ మనిషికి ముందే విషయం తెలిసి ఉండాలి, ఆ రోజు ఇంటికి రాగలగాలి. ఆ పేరు ఫైల్లో రాసుకో. ఎవరూ లేరంటే, ఇదే దారిలో నడిచి వచ్చిన వాలంటీర్‌ను జతచేసే సంస్థలున్నాయి. బ్రూక్లిన్‌లో ఎ టైమ్, అట్లాంటాలో మొదలైన జ్యూయిష్ ఫెర్టిలిటీ ఫౌండేషన్, లండన్‌లో చానా. యెష్ తిక్వా అని ఇంకొకటుంది, ఆ పేరుకి అర్థం "ఆశ ఉంది" అని. జత కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. అదే సినగాగ్‌కి వచ్చే మనిషిని కలపకు. వేరే పేట, వీలైతే వేరే ఊరు.

ఎందుకంటే ఇక్కడ గుట్టు అన్నిటికన్నా ముఖ్యం. ఒక ఇంట్లో పిల్లలు పుట్టడం లేదని తెలిస్తే ఆ ఇంట్లో పెళ్లికి ఎదిగిన చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ సంబంధాలు తప్పిపోతాయని భయం. మన పెళ్లిచూపుల లెక్కలే అనుకో. కాబట్టి వెయిటింగ్ రూంలో ఇంటిపేరుతో గట్టిగా పిలవద్దు. ఒకే పేటవాళ్లకి వెంటవెంటనే అపాయింట్‌మెంట్లు ఇవ్వొద్దని రిసెప్షన్‌లో చెప్పు. ఇంటి ఫోన్ ఆన్సరింగ్ మెషీన్లో ఏ మెసేజీ పెట్టొద్దు, అత్తగారు వింటుంది. సినగాగ్‌లో స్వస్థత కోసం చదివే ప్రార్థనలో మనిషి హీబ్రూ పేరుతో పాటు తల్లి పేరు కూడా చెబుతారు. తల్లి పేరు చెప్పగానే చిన్న పేటలో ఎవరో తెలిసిపోతుంది. నీ మీద అభిమానంతో ఎవరైనా "పేరివ్వండి, ప్రార్థిస్తాం" అన్నా ఆమెను అడగకుండా ఇవ్వకు.

మిక్వా దగ్గర ఉండే ఆవిడ సంగతి చెప్పాలి. నెలనెలా వస్తున్న అమ్మాయికి కడుపు రాలేదని ఊళ్లో అందరికన్నా ముందు తెలిసేది ఆవిడకే. గర్భం వస్తే రావడం మానేస్తుంది కదా. ఆవిడ నోటి నుంచి వచ్చే ఒక్క మాట, మంచి మాటైనా సరే, "మళ్లీ వచ్చావా తల్లీ" అన్నంత మాటైనా, ఆ అమ్మాయిని వారం రోజులు నిద్రపోనివ్వదు. జెరూసలేంలో ఈడెన్ సెంటర్ వాళ్లు ఈ ఆవిడలకి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు. బోస్టన్ పక్కన న్యూటన్‌లో 2004లో తెరిచిన మాయిమ్ హాయిమ్ అనే మిక్వాలో గర్భం పోయినవాళ్లు మునగడానికి వేరే ప్రార్థనలే ఉన్నాయి. మీ పేట మిక్వా ఆవిడతో ఒకసారి మాట్లాడగలిగితే మంచిది. ఏ పేషెంటు పేరూ ఎత్తకుండా సుమా.

లెక్కల దగ్గర జరిగే తప్పులు కొన్నుంటాయి, నీకు తెలిసి ఉండాలి. 5, 7 కలిపితే 12 రోజులు. ఇరవై నాలుగు రోజులకే నెలసరి వచ్చే అమ్మాయికి అండం పదో రోజు చుట్టుపక్కల విడుదలవుతుంది, ఒక రోజుకి మించి బతకదు. మిక్వాకి వెళ్లేసరికి ఆ నెల అయిపోయినట్టే. ఇది జబ్బు కాదు, క్యాలెండర్. ఇలాంటివాళ్లకి కొద్ది మోతాదు ఈస్ట్రోజెన్ ఇచ్చి అండం విడుదలను కొన్ని రోజులు ఆలస్యం చేస్తారు. వాళ్ల రబ్బీతో (మతగురువుతో) కూడా మాట్లాడమని చెప్పు. ఏళ్ల తరబడి "నాలో లోపముంది" అని కుమిలిపోయిన అమ్మాయికి కాగితం మీద గీతలు గీసి ఈ లెక్క చూపిస్తే ఆమె ముఖం ఎలా మారుతుందో నువ్వే చూస్తావు.

నర్సులకి ఇంకో సంగతి చెప్పు. పరీక్ష అయ్యాక "కొంచెం బ్లడ్ వచ్చింది, పర్వాలేదు" అని వదిలేయకూడదు. ఎక్కడి నుంచి వచ్చింది? గర్భాశయం లోపల నుంచా, సూది గుచ్చుకున్న చోటి నుంచా? గాయం నుంచి వచ్చిన రక్తానికి నిద్దా లెక్క వేరు. పరికరం మందం ఎన్ని మిల్లీమీటర్లు అని కూడా కొందరు రబ్బీలు అడుగుతారు. ఆ రెండు వివరాలు చీటీ మీద రాసిస్తే ఆ జంటకి పన్నెండు రోజుల ఎడబాటు తప్పొచ్చు.

మగవాళ్ల వీర్య పరీక్ష ఇంకో చిక్కు. కప్పు ఇచ్చి గదిలోకి పంపితే చాలామంది ఆచారపరులు ఒప్పుకోరు, వీర్యం వృథా చేయకూడదన్నది నియమం. రబ్బీ అనుమతితో, భార్యతో కలిసినప్పుడు ప్రత్యేకమైన కండోమ్‌లో సేకరిస్తారు, దానికి సూదిమొనంత చిల్లు కూడా పెడతారు. మామూలు లేటెక్స్ కండోమ్ పనికిరాదు, కణాలు చచ్చిపోతాయి. ఒంటి వేడి తగ్గకుండా గంటలోపు ల్యాబ్‌కి చేరాలి. ఇది నిద్దా రోజుల్లో కుదరదు కదా. కాబట్టి టెస్టు తేదీ మిక్వా తర్వాతే వేయాలి. "వచ్చే మంగళవారం రండి" అని కంప్యూటర్ చూసి చెప్పేస్తే వాళ్లు సిగ్గుతో తలూపి వెళ్లిపోతారు, మంగళవారం రారు. ఫైల్లో "సహకరించడం లేదు" అని పడుతుంది.

ల్యాబ్‌లో నమూనాలు తారుమారు కాకుండా పక్కన నిలబడి చూసే మనిషి కూడా కావాలంటారు. జెరూసలేంలో 1990లో రబ్బీ మెనాహెం బుర్‌స్టీన్ పెట్టిన పూఆ సంస్థ ఈ పర్యవేక్షణ చేస్తుంది, డాక్టరుకీ రబ్బీకీ మధ్య మాటలు కలిపేదీ వాళ్లే. అనుమానిస్తున్నారని మీ ల్యాబ్ వాళ్లు నొచ్చుకుంటే సర్దిచెప్పు. దాత అండం, దాత వీర్యం విషయాల్లో రబ్బీకీ రబ్బీకీ మాట తేడా ఉంటుంది. అందులో నువ్వు ఏ అభిప్రాయమూ చెప్పకు, వాళ్ల రబ్బీ దగ్గరకే పంపు.

పండుగలు. నీ గోడ మీద యూదుల క్యాలెండర్ తగిలించు. వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా మొదటి రోజు సినగాగ్‌లో చదివేది శారాకి ముసలితనంలో బిడ్డ పుట్టిన భాగం, దాని వెంటే హన్నా కథ. రెండో రోజు పిల్లల కోసం ఏడ్చే రాహేలు. ధర్మగ్రంథం తోరా పండుగ సిమ్హత్ తోరా నాడు చిన్నపిల్లలందర్నీ ఒక్క శాలువా కిందికి పిలుస్తారు. పస్కా రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు నాలుగు ప్రశ్నలు అడగాలి. పిల్లల్లేని ఇంట్లో ఆ పాఠం ముప్పై ఐదేళ్ల ఆవిడ చదువుతుంది. ఈ రోజులకి రెండు వారాల ముందే పిలిచి మాట్లాడు. ఆ కాసేపు బయట నిలబడతారా, వేరే చోట ప్రార్థన చేసుకుంటారా, ఎవరితో వెళ్తారు, అన్నీ ముందే తేల్చుకుంటే సగం బరువు దిగుతుంది. ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ ఉపవాసం దాదాపు 25 గంటలు, నీళ్లు కూడా ఉండవు. అండాలు తీసిన వారం పది రోజుల్లో అది పడితే ప్రమాదం. పొట్ట ఉబ్బి, రోజుకి కిలో దాకా బరువు పెరిగి, మూత్రం తగ్గితే ఉపవాసం మాట దేవుడెరుగు, వెంటనే డాక్టరు చూడాలి. ప్రాణం మీదికి వస్తే తినమనే రబ్బీలూ చెబుతారు. కాకపోతే డాక్టరు ముందే రాసివ్వాలి.

బ్రిత్ అంటే మగపిల్లాడికి ఎనిమిదో రోజున చేసే సున్తీ. అక్కడ క్వాటెర్ అనే గౌరవం ఒకటుంది. మన క్వార్టర్ కాదులే! తల్లి చేతుల్లోంచి బిడ్డను అందుకుని సభలోకి తీసుకొచ్చే జంట అది. సంతానం లేనివాళ్లకి ఇస్తే కలిసొస్తుందని నమ్మకం. ఇచ్చేవాళ్లు ప్రేమతోనే ఇస్తారు. కానీ అంతమంది ముందు, ఎవరి బిడ్డనో మోస్తూ, "వీళ్లకి లేరు" అని చాటింపు వేసినట్టు నడవాలి. కొందరు ఆ అవకాశం కోసం ఎదురుచూస్తారు, కొందరు దాన్ని తప్పించుకోవడానికి బ్రిత్‌లకే వెళ్లరు. ఇద్దామనుకునేవాళ్లు రెండు రోజుల ముందు, కాదనడానికి దారి వదిలి, చాటుగా అడగాలి. పేటలో పెద్దవాళ్లతో మాట్లాడే అవకాశం వస్తే ఈ ఒక్కటీ చెప్పు.

మాటలు కూడా అంతే. పెళ్లయిన ఏడాదికి మనవాళ్లు "విశేషమేమైనా ఉందా?" అంటారు చూడు, వాళ్లు ఎవరి శుభకార్యంలోనైనా "ఇమ్ యిర్త్సె హషెమ్ బై యూ" అంటారు. దేవుడు చల్లగా చూస్తే నీకూ, అని. ఆశీర్వాదమే, కానీ ఒకే సాయంత్రం పదిహేనుసార్లు వింటే ముల్లు. గర్భం వచ్చినవాళ్లతో మాత్రం నువ్వు "మజెల్ తోవ్" (శుభాకాంక్షలు) అనకు, "బె షాఆ తోవా" అను, మంచి ఘడియలో జరగాలని. దిష్టి భయం వాళ్లకీ ఉంది. పుట్టేదాకా ఉయ్యాల కొనరు, బట్టలు కొనరు. క్లినిక్ తరఫున బేబీ బహుమతులేవీ పంపనివ్వకు.

గర్భం పోయినప్పుడు ఇంకో ఖాళీ కనపడుతుంది. ఎవరైనా చనిపోతే యూదులకి ఏడు రోజుల సంతాపం, షివా ఉంది. ఇరుగుపొరుగు వండి తెస్తారు, తలుపు తట్టకుండానే లోపలికొచ్చి పక్కన కూర్చుంటారు, దుఃఖంలో ఉన్నవాళ్లు మాట్లాడేదాకా వాళ్లూ మాట్లాడరు. ఇంత బాగా ఓదార్చడం తెలిసిన జనం, గర్భస్రావానికి మాత్రం ఏం చేయాలో తెలీక ఆగిపోతారు. ముప్పై రోజులు నిండని బిడ్డకి సంప్రదాయంలో షివా లేదు. కాబట్టి పని చిన్నదిగా పెట్టు. రెండు రోజుల భోజనం, తెచ్చేవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు, "ఒంట్లో బాలేదు" చాలు. డబ్బాలు వెనక్కి ఇవ్వక్కర్లేని రకం తెమ్మను. డబ్బా తిరిగిచ్చేటప్పుడే ప్రశ్నలు మొదలవుతాయి.

సపోర్ట్ గ్రూపు పెడితే ఆరుగురు, ఎనిమిది మంది దాటనివ్వకు, గంటన్నర చాలు. మధ్యలో కొత్తవాళ్లని చేర్చకు. ఒకరికి గర్భం వస్తే ఏం చేయాలో మొదటి రోజే తేల్చు. ముందు నీకు విడిగా చెప్పాలి, మిగతావాళ్లకి నువ్వు ముందుగా మెసేజ్ పెట్టాలి, గదిలో బాంబులా పడకూడదు. ఒక బిడ్డ ఉండి రెండోది రానివాళ్లని వేరే కూర్చోబెట్టు. ఏడుగురు ఎనిమిది మంది పిల్లలున్న ఇళ్ల మధ్య ఒక్క బిడ్డతో ఉండటం కూడా బాధే. కానీ అసలు లేనివాళ్ల ముందు అది నోరు తెరిచి చెప్పలేరు. టే-సాక్స్ లాంటి వంశపారంపర్య జబ్బుల జన్యువు ఇద్దరిలోనూ ఉందని తెలిసి పిండ పరీక్ష కోసం వచ్చే జంటలకి సంతానలేమి కాదు, వాళ్లనీ ఈ గ్రూపులో కలపకు.

మగవాళ్లని మర్చిపోతావేమో. "ఫలించండి, విస్తరించండి" అన్న ఆజ్ఞ పాత ధర్మశాస్త్రం మిష్నా ప్రకారం మగవాడి మీదే ఉంది, ఆడమనిషి మీద కాదు. అంటే ఆజ్ఞ నెరవేర్చలేదన్న భారం అతనిది, సూదులు ఆమెవి. గుండ్రంగా కుర్చీలు వేసి "మీకెలా అనిపిస్తోంది" అంటే నోరు విప్పరు. ఇద్దరు కలిసి ఒక పేజీ చదువుకోవడం వాళ్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ పద్ధతిలో ఇద్దరిద్దరిని కలిపి, ముందు ఏదైనా చదవనివ్వు. మాట దానంతట అదే వస్తుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. న్యూయార్క్ చట్టం 2020 నుంచి పెద్ద గ్రూపు ఇన్సూరెన్సులు 3 ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండం తయారుచేసే చికిత్స) సైకిళ్లకి ఇవ్వాలంటుంది. కానీ కంపెనీ సొంత నిధితో నడిపే ప్లాన్లకి అది వర్తించదు. యెషివాల్లో (మత పాఠశాలల్లో), చిన్న బళ్లలో పనిచేసేవాళ్లకి చాలాసార్లు అదీ ఉండదు. బోనె ఓలాం లాంటి సంస్థలు ఆర్థిక సాయం చేస్తాయి, హీబ్రూ ఫ్రీ లోన్ వాళ్లు వడ్డీ లేని అప్పు ఇస్తారు. దరఖాస్తు ఆమోదం వచ్చాకే మందులు తెప్పించుకోమను. ఇజ్రాయెల్‌లో ప్రభుత్వమే ఇద్దరు పిల్లలదాకా, సొంత అండాలతో అయితే 45 ఏళ్లదాకా ఖర్చు భరిస్తుంది. అక్కడికి వెళ్లిపోదామా అని అడిగే జంటలు తగులుతారు, కంగారుపడకు.

చివరిగా శుక్రవారం. డిసెంబరులో న్యూయార్క్‌లో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, షబ్బాత్ (వారాంతపు విశ్రాంతి దినం) దీపాలు అంతకు 18 నిమిషాల ముందే వెలిగిస్తారు. ఇక శనివారం చీకటి పడేదాకా ఫోన్ ఎత్తరు. శుక్రవారం పొద్దున తీసిన రక్తం రిజల్ట్ మధ్యాహ్నం మూడున్నరకి వచ్చిందనుకో, అది నెగెటివ్ అనుకో. అప్పుడు ఫోన్ చేస్తే ఆమె ఆ కబురు మింగుకుని, ఆ రాత్రే బల్ల చుట్టూ కూర్చునే చుట్టాలకి వడ్డించాలి. చెయ్యకపోతే ఇరవై ఐదు గంటలు ఊహల్లో వేగాలి. ఏది మేలో మనం నిర్ణయించకూడదు. గర్భాశయంలో పిండం పెట్టే ట్రాన్స్‌ఫర్ రోజే అడిగి ఫైలు పైన పెన్నుతో రాయించు, "శుక్రవారం ఎంత ఆలస్యమైనా" అనో, "శనివారం రాత్రి" అనో. శనివారం రాత్రి అన్నవాళ్లకి ఫోన్ చేసే డ్యూటీ ఎవరిదో శుక్రవారం పొద్దున్నే పేరు రాసి పెట్టుకో, లేకపోతే ఆ కబురు సోమవారందాకా ఎవరి బల్ల మీదో పడి ఉంటుంది.

అమ్మ