నాన్నగారి కంటి ఆపరేషన్‌కు ముందు

బర్మింగ్‌హామ్

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం.

శుక్లం ఆపరేషన్‌కు రోజు ఖాయమైందనీ, పూర్తిగా నిద్రపుచ్చి చేస్తే బాగుండునని మీరు బెంగపడుతున్నారనీ అమ్మ చెప్పింది. మత్తు వైద్యమే నా వృత్తి కనుక, ఫోనులో హడావుడిగా చెప్పడం ఇష్టంలేక ఉత్తరం రాస్తున్నాను.

నొప్పి తెలియకుండా చేసేది కంట్లో వేసే చుక్కల మందు, లేదా కంటి చుట్టూ ఇచ్చే ఇంజెక్షన్. సెడేషన్, అంటే మగత కలిగించే మందు ఇవ్వడం, బెరుకు తగ్గించడానికి మాత్రమే. ఆ చుక్కలకు మూలం 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ ద్రావణంతో కంటిని మొద్దుబార్చిన ప్రయోగం. ఇప్పుడు మన చెన్నై ఎగ్మూరులో ఉన్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లోనే మొదలైంది. ఆ చుక్కలు లేని ఆనాటి రోగుల ఓర్పు తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

సెడేషన్‌కు ఎక్కువగా వాడే మిడజోలం అనే మందు భయం తగ్గిస్తుంది, జరిగింది చాలావరకు గుర్తుండనివ్వదు. కాని పెద్దవయసు వారిలో కొందరు దానితో నెమ్మదించడానికి బదులు అయోమయంలో పడి కదులుతారు. ఇక్కడ ఒకాయన ఆ మందుతో హాయిగా గురకపెట్టి, డాక్టరు సన్నని పరికరం కంట్లో ఉంచిన క్షణాన ఉలిక్కిపడి తల తిప్పబోయారు. ప్రమాదం తప్పింది గాని, నిద్రపోతున్న రోగి కన్నా మెలకువగా ఉండి మాట వినే రోగే మేలని నాకు ఆనాడు బోధపడింది. ప్రొపొఫాల్ అనే మత్తుమందును, కంటి చుట్టూ ఇంజెక్షన్ ఇచ్చే రెండు మూడు నిమిషాలకు కొద్దిగా వాడవచ్చు. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది, ముఖం మీద గుడ్డ కప్పి ఉండగా దాన్ని సరిచేయడం కష్టం. డెక్స్‌మెడెటొమిడిన్ అనే మరో మగత మందు ఊపిరిని అంతగా అణచదు, పిలిస్తే పలికే నిద్ర ఇస్తుంది. అయితే నాడినీ రక్తపోటునూ తగ్గిస్తుంది, మీరు వేసుకునే అటెనొలాల్ మాత్రతో మీ నాడి ఇప్పటికే నిదానం.

అందుచేత చుక్కల మందుతో సరిపెట్టి, అవసరమైతేనే కొద్దిపాటి సెడేషన్ ఇమ్మని అడగండి. ఇక్కడ నర్సు రోగి చేయి పట్టుకుని కూర్చుంటుంది. ఇబ్బంది కలిగితే రోగి ఆ చేయి నొక్కుతాడు. అక్కడా అలా ఎవరినైనా కూర్చోబెట్టమని అడగడానికి మొహమాటపడవద్దు.

పక్క వాటావారికి సైతం వినిపించే మీ గురక సంగతీ, వెల్లకిలా పడుకుంటే వచ్చే దగ్గు సంగతీ, ప్రొస్టేట్ మాత్ర సంగతీ దాచకుండా డాక్టరుగారికి చెప్పండి. తమ్ముణ్ణి తోడు తీసుకువెళ్లండి. తిరుగు ప్రయాణంలో స్కూటరు మాత్రం వద్దు.

ఇట్లు,
మీ కుమార్తె