గ్రహణం మొర్రి: తల్లిపై నింద తగదు

సంపాదకుల వారికి,

ఇటీవల విశాఖపట్నం పెదవాల్తేరులోని మా బంధువుల ఇంట పై పెదవి చీలికతో పాప పుట్టగా, చూడవచ్చిన పెద్దలు బాలింతను అడిగిన మొదటి ప్రశ్న, గ్రహణం నాడు కత్తిపీట ముట్టావా అని. ఆ లోపానికి మనం పెట్టుకున్న ‘గ్రహణం మొర్రి’ అనే పేరే ఈ నిందకు సగం కారణమని నా అభిప్రాయం.

నిజానికి గర్భస్థ శిశువు ముఖ కణజాలాలు 4 నుంచి 7 వారాల మధ్య, చాలామందికి నెల తప్పిన సంగతి రూఢి కాకముందే, ఇరువైపుల నుంచి వచ్చి అతుక్కోవాలి. ఆ కలయిక పూర్తికాకపోతే చీలిక మిగులుతుంది. ఐఆర్‌ఎఫ్‌6 వంటి జన్యువుల్లోని తేడాలు ఇందుకు దోహదం చేస్తాయి. అయినా ఒకే జన్యువులున్న సమరూప కవలల్లో సైతం తరచు ఒకరికే మొర్రి కనిపించడాన్ని బట్టి, వంశపారంపర్యం ఒక్కటే సమస్తమూ నిర్ణయించదని స్పష్టమవుతోంది. డీఎన్‌ఏ వరుస మారకుండానే, దానిపై చేరే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తుల వంటివి జన్యువుల పనితీరును మార్చడాన్ని ఎపిజెనెటిక్ ప్రభావం అంటారు. గర్భిణి పీల్చే పొగాకు పొగ ఆ గుర్తులను మార్చగలదు. పొగ తాగేది ఇంటి మగవారైతే, ప్రశ్నలు ఆమెకే ఎందుకు? ఆ గుర్తులకు ముడిసరుకు అందించే ఫోలేట్ అనే బి విటమిన్ మొర్రిని ఎంతవరకు నివారిస్తుందో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు గానీ, వెన్నుపాము లోపాలను తగ్గిస్తుంది కనుక దాని మాత్ర రూపమైన ఫోలిక్ ఆమ్లం మాత్రలు గర్భధారణకు ముందే మొదలుపెట్టాలి.

గ్రహణం వచ్చినప్పుడల్లా గర్భిణుల నియమాలు అచ్చువేసే పత్రికలు, ఆ పక్కనే ఈ నాలుగు మాటలకూ చోటివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం