బొప్పాయి కాడ కోసిచ్చిన మేడమ్‌కి

నిన్న సాయంత్రం మా అబ్బాయికి మూలాంతం, అంటే కృష్ణయజుర్వేదం అంతా అప్పగించే పరీక్ష, అయింది. 82 పన్నాలూ (వేదంలో అధ్యాయాలు) నిలబడ్డాయి, గొంతూ నిలబడింది. రెండు రాత్రుల నిద్ర బాకీ ఉంది గానీ ఇది రాయందే పడుకోబుద్ధి కావట్లేదు.

తమ్ముడూ అత్తగారూ చేసింది ఇంటివాళ్ల సాయం, సరేసరి. ఇది మీకు మేడమ్. పేరు వద్దన్నారు, రాయను.

వాడు ఏకసంథాగ్రాహి. సంత అంటే గురువు ఒకసారి చెప్తే శిష్యుడు రెండుసార్లు అనడం. వీడికి ఆ రెండోసారి అక్కర్లేదు. ఇలాంటి పిల్లాడికి ఎవరైనా పాఠం పెంచుతారు. వాడికి గురువు మా వారే, ఆయన పెంచలేదు. నిష్ఠలో వెంట్రుకవాసి వదలని మనిషి, సాయంత్రమయ్యేసరికి పీటలు మార్చేవారు. వాడు చెప్పాలి, తండ్రి రెండుసార్లు అనాలి. మధ్యలో ఎక్కడో ఒక స్వరం కావాలనే తప్పేవారు, కింది స్వరమైన అనుదాత్తం ఉండాల్సిన చోట దానికన్నా పైదైన ఉదాత్తం. పట్టుకుంటే పాఠం ముందుకి. పట్టుకోకపోతే ఎక్కడో చెప్పరు, మర్నాడూ అదే పాఠం. త్వరగా వచ్చింది త్వరగానే పోతుందని ఆయన భయం. పాడ్యమి, అష్టమి లాంటి అనధ్యయనం రోజుల్లో, అంటే వేదపాఠం చెప్పని రోజుల్లో, లెక్కలు. ఘనలో, అంటే వేదపదాలను తిప్పి తిప్పి చెప్పే పద్ధతిలో, మూడు పదాలు ముందుకీ వెనక్కీ తిరిగి 13 అవుతాయని వాడే లెక్కగట్టాడు. అయినా ‘భేష్’ అన్నమాట ఆయన నోట రాలేదు. అది నాకిప్పటికీ మింగుడుపడదు.

చిక్కు శ్రుతి దగ్గర వచ్చింది. సంత తండ్రి శ్రుతిలోనే అనాలి. పదమూడో ఏట గొంతు మారుతుంటే ఆ ఎత్తు అందుకోబోయి మెడనరాలు బిగించేవాడు. స్వరతంత్రులు వాచాయి, మాటే పోయింది.

ఆ ఆసుపత్రి సంగతి చెప్పకుండా ఉండలేను. ఓపీ చీటీకి ఫోన్‌లో కోడ్ స్కాన్ చేయాలట. మా వారిది బటన్ల ఫోను. చీటీ దొరికిన రోజు గొంతు లోపల చూసే స్కోప్ గదికి తాళం. నల్లకుంట నుంచి నాలుగుసార్లు తిరిగాం. గొంతు లేనివాడి చేత కిటికీలోంచి పేరు చెప్పించారు!

డ్యూటీ దిగి వెళ్లిపోతున్న మీరు వాణ్ణి చూసి ఆగారు. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి ఊదాలన్నారు. బయటి గ్లాసు, ప్లాస్టిక్ స్ట్రా వాడు ముట్టడని మా వారు అన్నారు. మీరు నవ్వుతారనుకున్నాను. “బొప్పాయి కాడ పనికొస్తుందా స్వామీ?” అని అడిగి, వెనక పెరట్లోకి వెళ్లి సన్నటి కాడ కోసి, పాలు పోయేదాకా కుళాయి కింద కడిగి తెచ్చారు. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు.

మా చెంబులోనే చేయించారు. కాడ కొస నీళ్లలో రెండు వేళ్ల మందమే మునగాలి, లోతెక్కువైతే గొంతు బిగుస్తుంది. బుగ్గలు వదిలేసి ‘ఊ’ అంటూ ఊదాలి, బుడగలు తెగకూడదు. ఐదు నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. నీటి ఒత్తిడి వెనక్కి తన్నుతుంది కాబట్టి తంత్రులు గట్టిగా కొట్టుకోవని చెప్పారు. గుసగుసలు వద్దు, గొంతు సవరించుకోవడం వద్దు. చివరికి మా వారితో, “బాబు శ్రుతికి మీరు దిగండి” అన్నారు.

దిగారు మేడమ్. వారం రోజులు ఆయనే వల్లిస్తే, వాడు నోరు విప్పకుండా అనుదాత్తానికి వేలు కిందికి, ఎత్తు స్వరమైన స్వరితానికి పైకి చూపించాడు. తప్పులు వేలితోనే పట్టాడు.

తన ఫోన్‌లో కోడ్ స్కాన్ చేసిపెట్టిన జిరాక్స్ కొట్టు అబ్బాయీ, నీకూ దండం బాబూ. నాలుగో ట్రిప్పుకి డబ్బులు పుచ్చుకోని ఆటో అన్నకీ. అయ్యో, అసలు మనిషిని మర్చిపోయాను, మా పక్కసందు పెద్దాయన! కాడ సాయంత్రానికి వడిలిపోతుంది, రోజూ కొత్తది కావాలి. ఇరవై రోజుల్లో ఆయన బొప్పాయి చెట్టు బోడిగుండయింది, ఒక్క మాట అనలేదు.