పేరు రాయొద్దన్న ఆ వార్డు అన్నకి

నిన్న సాయంత్రం నాన్నని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. మొత్తం 23 రోజులు. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది, పడుకుంటే పట్టట్లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

అమ్మ, తమ్ముడు, మరదలు, పిన్ని వంతులేసుకుని చూసుకున్నారు. ఇంట్లో వాళ్లకి థాంక్స్ ఏంటి, వాళ్లకి తెలుసు.

నేను చెప్పాల్సింది ఆ వార్డు అన్న గురించి. వార్డ్ బాయ్ అంటారు గానీ యాభై దాటిన మనిషి. నాన్నకి పక్షవాతం, కుడివైపు పూర్తిగా పడిపోయింది, మనిషి 92 కిలోలు. మొదట చేర్చిన ఆసుపత్రిలో మంచం మార్చాలంటే నలుగురు దుప్పటి మూలలు పట్టుకుని ఒకటి రెండు మూడు అని లాగేసేవాళ్లు. ఒకరోజు ఒకాయన హడావుడిలో ఆ పడిపోయిన చెయ్యే పట్టుకుని పైకి లేపాడు. అటువైపు కండరాలకి కీలుని పట్టుకునే బలం ఉండదు కదా, భుజం జారింది. లాగి లాగి నడుం కింద చర్మం కూడా లేచిపోయింది. ఆ తర్వాత ఎవరు మంచం దగ్గరకి వచ్చినా నాన్న ఎడం చేత్తో కమ్మీ గట్టిగా పట్టేసుకునేవారు, వదిలేవారు కాదు.

రెండో ఆసుపత్రిలో ఎత్తడానికి మెషీన్ ఉంది. అందరూ రోబో అంటారు, నిజానికి బ్యాటరీ మీద నడిచే లిఫ్ట్, పైన కొక్కాలు, వాటికి తగిలించే గుడ్డ ఉయ్యాల లాంటిది, స్లింగ్ అంటారు. అది చూడగానే నాన్న భయపడిపోయారు. మాట ముద్దగా వస్తోంది అప్పటికి, "బస్తాలా... వేలాడేస్తారా" అని ఏడ్చేశారు. మా నాన్న ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదండి. నాకేం చెయ్యాలో తోచలేదు.

అప్పుడు ఈ అన్న పక్కన ఖాళీ మంచం మీద తనే స్లింగ్ పరిచి అందులో పడుకున్నాడు. నర్సుని పిలిచి పట్టీలు తగిలించమన్నాడు. రిమోట్ తీసి నాన్న ఎడం చేతిలో పెట్టాడు. "పెద్దాయనా, పై బాణం నొక్కండి, నన్ను మీరే ఎత్తండి" అన్నాడు.

నాన్న నొక్కారు. వదిలారు. మళ్లీ నొక్కారు. ఆ మనిషి మెల్లగా గాల్లోకి లేచాడు, అక్కడ్నించే "చూశారా, ఎక్కడా నొప్పి లేదు, ఇప్పుడు దించండి" అన్నాడు. అన్ని రోజుల నుంచి అందరూ ఆయన్ని ఎత్తడమే, ఆయన ఒకర్ని ఎత్తడం అదే మొదటిసారి. నేను బయటికెళ్లి గోడకి ఆనుకుని ఏడ్చాను, ఇప్పుడు రాస్తుంటే కూడా ఆగట్లేదు.

తర్వాత నాన్న వంతు వచ్చినప్పుడు కమ్మీ వదిలేశారు. ఆ అన్న ప్రతిసారీ ఏం చెయ్యబోతున్నాడో ముందే చెప్పేవాడు. పక్కకి తిప్పి మడత పెట్టిన స్లింగ్ వీపు కింద దోపడం, అటు తిప్పి ఇవతలికి లాగడం, తొడల కింద పట్టీలు, భుజం దగ్గర లూప్ పొట్టిది పెడితే కూర్చున్నట్టు వస్తారు అని నాకూ నేర్పాడు. మంచానికి బ్రేక్ వెయ్యాలి, ఎత్తేటప్పుడు మెషీన్ చక్రాలు మాత్రం వదిలేయాలి, బరువుకి అది తనంతట తనే సర్దుకుంటుందట. నాలుగు వేళ్ల ఎత్తు లేపి ఆపి, అన్ని కొక్కాలూ చేత్తో తడిమి చూసి, అప్పుడే పైకి.

ఒకరోజు చొక్కా కింద ఆయన నడుం బెల్టు కనిపించింది. 20 ఏళ్లు మనుషుల్ని చేతుల మీద ఎత్తీ ఎత్తీ డిస్క్ జారిందట. ఆ నడుంతో వచ్చి మా నాన్న కోసం ఆ గుడ్డలో పడుకున్నాడు.

రాత్రుళ్లు నిద్ర పట్టక ఫోన్‌లో దీని గురించే చదివేదాన్ని. జపాన్‌లో రికెన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2009లో రీబా అనే రోబో చేశారు, 61 కిలోల మనిషిని రెండు చేతుల మీద ఎత్తుకునేది, 2015లో ఎలుగుబంటి మొహంతో రోబేర్ అని ఇంకోటి చేశారు. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియాష్ సంస్థ అయితే నర్సు ఉత్త చేతుల్తో, అంటే మెషీన్ లేకుండా, 16 కిలోలకి మించి పేషెంట్ బరువు మొయ్యకూడదని లెక్క చెప్పింది. మా నాన్న ఒక్క కాలే దాదాపు అంత ఉంటుంది!

మరి ఇంత తెలిసాక కూడా ఆ మెషీన్ మేం చేరిన మొదటి రెండు రోజులు స్టోర్ రూంలో తాళం వేసి ఎందుకుందో నాకు అర్థం కాదు. బ్యాటరీ ఛార్జింగ్ లేదన్నారు. తర్వాత తాళం దొరకలేదన్నారు. రెండు ఫ్లోర్లకి అదొక్కటే, స్లింగ్‌లు రెండే, ఒకటి ఉతకడానికి వెళ్తే ఇంక అంతే. పగలు డ్యూటీ వాళ్లకే ట్రైనింగ్ ఇచ్చారు, రాత్రి నాన్నని కదపాలంటే మళ్లీ అదే దుప్పటి, అదే ఒకటి రెండు మూడు. నర్సుల తప్పు కాదిది, రాత్రి ఇద్దరే ఉంటారు, వాళ్ల నడుములు కూడా నడుములే కదా. కొన్నవాళ్లు ఒక పూట కూర్చోబెట్టి నేర్పించలేరా, చాలా కోపంగా ఉంది నాకు.

అయ్యో, ఫిజియో అమ్మాయిని మర్చిపోయా, భుజానికి రోజూ పట్టీ కట్టింది, ఇంట్లో ఎలా కట్టాలో వీడియో కూడా తీసుకోనిచ్చింది. బ్యాటరీ బాగుచేసిన టెక్నీషియన్ గారు, భోజనం మధ్యలో లేచొచ్చారు. పక్క మంచం పెద్దావిడ కొడుకు, నేను నిద్రపోయిన రాత్రి రెండు గంటలకోసారి నాన్నని పక్కకి తిప్పడానికి నర్సుకి సాయం పట్టాడట, నన్ను లేపలేదు, పొద్దున తెలిసింది. ఆ నర్సు పేరు కూడా అడగలేదు నేను.

అన్నా, మీకు ఈ పోస్టు ఎవరైనా చూపిస్తే... నిన్న కారు దగ్గర నాన్న ఎడం చెయ్యి ఎత్తి బొటనవేలు గాల్లో నొక్కారు చూడండి, మీరు అటు తిరిగి ఉన్నారు. అది మీకే.