మింగుడుపడని ఆక్సిజన్ వైద్యం

సంపాదక మహాశయా,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ‘పక్షవాతం రోగులకు న్యుమోనియా రాకుండా అధిక పీడన ఆక్సిజన్’ అంటూ సగం పేజీ కథనం వేశారు. కింద ఫోను నంబరు కూడా ఉంది. అది వార్తో, ప్రకటనో మీకే తెలియాలి. నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యానని తెలిసి, మా వీధివాళ్లు ఆ కాగితం కత్తిరించి తెచ్చి ‘అడ్వాన్సు కట్టమంటారా?’ అని అడుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఈ వైద్యంలో రోగిని ఒక మూసిన గదిలో ఉంచి, మామూలు గాలి పీడనానికి రెండు మూడు రెట్ల ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. సముద్రం లోతుల నుంచి తొందరపడి పైకొచ్చిన డైవర్లకు, కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవారికి, మానని షుగరు పుండ్లకు అది పనికొస్తుంది, కాదనను. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో మేలు చేస్తుందనడానికి మాత్రం సరైన ఆధారం లేదని 2014లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. చెవులు దెబ్బతినడం, ఒక్కోసారి ఫిట్స్ రావడం అదనం. ఇవేవీ మీ కథనంలో లేవు.

అసలు ఈ రోగులకు న్యుమోనియా ఎందుకొస్తుంది? గొంతు కండరాలు పట్టు తప్పి, తిండీ నీళ్లూ ఉమ్మీ ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల. పొలమారినా దగ్గు రానివాళ్లు కూడా ఉంటారు. మా అన్నయ్యను నగరంలోని ఒక పేరున్న ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్లేసరికి ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు, ఆయా చెంచాతో టీ పోస్తోంది. సగం చెంప మీదుగా దిండులోకి పోతోంది, మిగతాది ఎటు పోతోందో గొంతులోని గురగుర చెబుతోంది. మంచం తలవైపు ఎత్తుదామంటే తిప్పే పిడి తుప్పుపట్టి కదలదు. సిస్టరును అడిగితే, ‘డాక్టరుగారు రౌండ్సుకు వస్తారు’ అంది. తర్వాత జ్వరం, ఆయాసం, ఐసీయూ, బిల్లు అన్నీ వరసగా వచ్చాయి. మా రోజుల్లో ఇలా పడుకోబెట్టి నోట్లో పోస్తే హెడ్ నర్సు వార్డంతా వినబడేలా కేకలేసేవారు.

ఏదైనా నోట్లో పెట్టే ముందు చెంచాడు నీళ్లిచ్చి, దగ్గుతున్నారా, గొంతు మారుతోందా అని చూడటానికి నిమిషాలు చాలు. మింగలేకపోతే ముక్కులో గొట్టం వేయాలి, తల ఎత్తి ఉంచాలి, నోరు శుభ్రం చేయాలి. ఆస్ట్రేలియాలో జ్వరం, షుగరు, మింగడం ఈ మూడింటినీ నర్సులు పద్ధతి ప్రకారం చూసుకున్న చోట 90 రోజుల తర్వాత చనిపోయినవారూ, ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చినవారూ కలిపి చూస్తే తగ్గారని 2011లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించింది. అందులో ఏ గదీ లేదు, కాబట్టి దానికి రిబ్బను కత్తిరించేవారూ ఉండరు. గడ్డ కట్టిన రక్తం కరిగించే సూదిమందుకు పక్షవాతం మొదలయ్యాక మామూలుగా నాలుగున్నర గంటలే గడువన్న మాటకైనా మీ సగం పేజీలో చోటు దొరకలేదు.

ఇక అధికారుల సంగతి. నగరంలో మెట్రో స్తంభానికో అద్భుత చికిత్స వేలాడుతోంది: మోకాళ్లు, షుగరు, బట్టతల, సంతానం. అద్భుత చికిత్సల ప్రకటనలను నిషేధించే చట్టం 1954 నుంచీ ఉంది. ప్రకటించకూడని జబ్బుల జాబితాలో పక్షవాతమూ ఉంది, న్యుమోనియా కూడా ఉంది. ఔషధ నియంత్రణ అధికారులు ఆ స్తంభాల పక్కనుంచే రోజూ ఆఫీసుకు వెళతారు కదా, కళ్లు మూసుకుని వెళతారేమో! మీ కథనం ఆ చట్టం కిందికి వస్తుందో రాదో వారినే అడిగి, మీ పత్రికలోనే వేయండి. మా వీధివాళ్లు అడ్వాన్సు కట్టేలోపు వేస్తే మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్